గోడకెక్కిన రీడింగ్ రూము

విశ్వవిద్యాలయానికి విద్యార్థులకన్నా ఫొటోలే ముఖ్యం! కోప్పడకండి. దాని గేటు ఎదురుగా ఫ్రేముల కొట్టు నడుపుతున్నవాణ్ణి. ఏది లాభమో, ఏది నష్టమో నాకు తెలియదా?

విద్యార్థి వస్తాడు. ఫ్యాను తిరగడం లేదంటాడు, నీళ్లు రావడం లేదంటాడు, కొన్నాళ్లకు వెళ్లిపోతాడు. నిలవుండే సరుకు కాదు. ఫొటో అలా కాదే! ఒక్క మేకు కొట్టి తగిలిస్తే వందేళ్లయినా నోరెత్తదు. ఇంతకన్నా బుద్ధిమంతుడు ఏ యాజమాన్యానికి దొరుకుతాడు?

పైగా చరిత్ర! శంకుస్థాపన ఫొటో. ఆ శంకుస్థాపన జ్ఞాపకార్థం రజతోత్సవం ఫొటో. రజతోత్సవం ఫొటోను పెద్దలు తిలకిస్తున్న స్వర్ణోత్సవం ఫొటో. ఇక మొక్కలు నాటే ఫొటోలైతే చెప్పనక్కర్లేదు. ఏటా అదే గుంత, అదే పార, పట్టుకున్న చెయ్యి మాత్రం మారుతుంది. మొక్క ఏమైందా? దాన్నెవరూ ఫ్రేము కట్టమనలేదు మరి!

ఈ ఏడు మళ్లీ ఉత్సవాలొచ్చాయి. బీరువాల్లోని పాత ఫొటోలన్నీ దులిపి బయటికి తీశారు. పెట్టడానికి చోటేది? లైబ్రరీలో రీడింగ్ రూము ఉందిగా! బల్లలూ కుర్చీలూ గోడౌనుకు తోలేసి, నాలుగు గోడల నిండా చరిత్ర తగిలించారు. ఫ్రేములన్నీ మనవే. పొంగిపోయాను.

చిక్కల్లా మా ఇంట్లోనే వచ్చింది. మా అమ్మాయి అక్కడే ఆఖరి ఏడు చదువుతోంది. పరీక్షలు నెత్తిమీదకొచ్చాయి. మా ఇంట్లో మిక్సీ, టీవీ, మా బావమరిది ముగ్గురూ ఒకేసారి మోగుతారు. రీడింగ్ రూమే పిల్లకు దిక్కు. పాపం, పుస్తకాలు పట్టుకెళ్లి ఓ పెద్ద ఫొటో కింద నేలమీద చతికిలబడింది. అది రీడింగ్ రూము తెరిచిన నాటి ఫొటో. వరసగా బల్లలు, తలలు వంచి చదువుకుంటున్న పిల్లలు.

వాచ్‌మన్ వచ్చాడు. "లేమ్మా, లే. ఇక్కడ చదవకూడదు."

"ఫొటోలో వాళ్లు చదువుతున్నారుగా అన్నా?"

"వాళ్లు చరిత్రమ్మా. నువ్వు అడ్డం!"

ఇంటికొచ్చి చెప్పింది. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "పిల్ల చదువు కోసం కొట్టు పెట్టారా, కొట్టు కోసం పిల్ల చదువు తాకట్టు పెట్టారా?"

వ్యాపారిని కదా, తక్కెడ ఒకవైపే మొగ్గితే నాకు నిద్రపట్టదు. అద్దాలు కోసే బల్ల సగం ఖాళీ చేసి అమ్మాయికిచ్చాను. అప్పట్నుంచి మేకు కొట్టే ముందు "తల్లీ, కొట్టనా?" అని అడుగుతున్నాను. "ఈ పేజీ అవనీ నాన్నా" అంటుంది. గిరాకీ నిలబడి ఉంటుంది.

మొన్న యూనివర్సిటీ ఫొటోగ్రాఫరు ఇంకో ఫ్రేము కోసం వచ్చాడు. వేలాడే ఖాళీ ఫ్రేముల మధ్య తలవంచుకుని చదువుతున్న పిల్లను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అబ్బ, ఏం ఏకాగ్రత బాబాయ్! ప్రదర్శనలో ఇప్పటి పిల్లల ఫొటో ఒక్కటీ లేదని పైవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు. కదలకమ్మా!"

క్లిక్!

నిన్న తగిలించారు, నా ఫ్రేములోనే. కింద పెద్ద అక్షరాలు: "మా రీడింగ్ రూములో నేటి విద్యార్థిని."

చూశారా? మా అమ్మాయికి రీడింగ్ రూములో చోటు దొరికింది. ఈసారి వాచ్‌మన్ కూడా లేవమనలేదు. మీ పిల్లలకూ అక్కడ సీటు కావాలంటే మా కొట్టుకు రండి. మార్కులతో పనిలేదు, సైజు చెబితే చాలు!