తొమ్మిది కిలోలు, మెరూన్ రంగు

ఆ ఆదివారం శోభారాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి హన్మకొండ చౌరస్తాలో షాపు తీస్తారు. పదిన్నరకు వాషింగ్ మెషీన్ కొనాలి, పన్నెండుకల్లా కొత్తవాడలో ఇంటికి చేరాలి. సంగతి నెక్కొండలో ఉన్న ఆడబిడ్డ విజయశ్రీకి తెలిసేలోపు ఆ మెషీన్ ఒక విడత బట్టలు ఉతికేసి ఉండాలి. కొత్త వస్తువునైతే మార్చుకు రమ్మంటారు గానీ, తడిసినదాన్ని మార్చమనలేరని ఆమె ధైర్యం.

విజయశ్రీ చెడ్డ మనిషి కాదు. ఆమెకు అన్నీ తెలుసు, అంతే. ఈ పందొమ్మిదేళ్లలో ఆ ఇంట్లోకి వచ్చిన మంచం, మిక్సీ, బీరువా, చివరికి శోభారాణి పెళ్లిచీర కూడా ఆమె ఎంపికే. ఫ్రిజ్ కూడా. దాని తలుపు తెరిస్తే గోడకు తగిలి సగంలో ఆగిపోతుంది. ఆరేళ్లుగా ఆ ఇంట్లో పుచ్చకాయను ముక్కలు చేశాకే లోపల పెడుతున్నారు. ఆ సంగతి విజయశ్రీతో అనే ధైర్యం మాత్రం ఇంతవరకు ఎవరికీ రాలేదు.

ఈసారి శోభారాణికి అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. కుడి మణికట్టు వాచిపోయి పట్టీ పడింది. ఇంకా బట్టలు పిండుతూ ఉంటే ఆపరేషనే అన్నాడు దవాఖానలో డాక్టర్. అప్పటినుంచి రెండు నెలలుగా ఆమె మెషీన్ల గురించే విచారించింది. పక్కవీధిలో మెషీన్లు బాగుచేసే యాకయ్యను ఆపి, "అన్నా, ఏ మిషన్ రిపేరుకు నిన్ను తక్కువ పిలుస్తరు?" అని అడిగింది.

యాకయ్య కాసేపు ఆలోచించాడు. "తెల్లది, పైకెళ్లి తెరిచేది, ఎనిమిది కిలోలది ఒకటుంది చెల్లె. డ్రమ్ము స్టీలుది. సర్వీసు మన ఊళ్లెనే. దానితోని నాకు ఒక్క గిరాకీ గూడ లేదు" అని పేరు చెప్పాడు దిగులుగా.

శోభారాణి ఆ పేరును క్యాలెండర్ వెనక రాసుకుంది. శనివారం సాయంత్రం వంటింట్లో భర్త మహిపాల్‌కు గుసగుసగా వివరించింది. "ఎనిమిది కిలోలు చాలు. బట్టలు పెట్టుడు, పైకెళ్లి పోసుడు, అంతే. వదినకు మాత్రం చెప్పకు." మహిపాల్ సుబేదారిలో ఒక ఆఫీసులో గుమస్తా. పై అధికారులకు కూడా భయపడతాడు గానీ అక్కకు భయపడినంత కాదు. గట్టిగా తలూపాడు. పక్క గదిలో అతని తల్లి సమ్మమ్మ ఉందని, ఒక చెవి పోయినా రెండోది ఇంకా పనిచేస్తోందని ఇద్దరూ మరిచిపోయారు.

ఆదివారం పొద్దున ఏడున్నరకు ఫోను మోగింది. తెర మీద విజయశ్రీ పేరు చూసి శోభారాణి లేచి నిలబడి ఎత్తింది.

"శోభా, నాకంత ఎరుకైంది. నాకు చెప్పొద్దనుకున్నరట."

"అట్ల కాదు వదినా, అంత అయినంక చెప్దామని..."

"సరే తియ్యి, నాకు సంతోషమే. ఎన్ని కిలోలు అనుకుంటాన్రు?"

"ఎనిమిది."

"ఎనిమిదేంది? ఎవలన్న సరిసంఖ్య తీసుకుంటరా? తొమ్మిది చెయ్యి."

మెషీన్లకు సరి, బేసి ఉంటాయని యాకయ్య చెప్పలేదు. అయినా శోభారాణి మెల్లగా అడిగిచూసింది. "మేం ఉన్నదే ముగ్గురం వదినా. తొమ్మిదంటే ఎక్కువైతయేమో."

"ఎక్కువైతే వాడకట్టుకు పంచుదాం. మరి రంగు?"

పంచడమేమిటో శోభారాణికి అర్థం కాలేదు. వాడకట్టు మొత్తం బట్టల మూటలతో తన వాకిట్లో నిలబడ్డట్టు కళ్లకు కట్టింది. "తెలుపు చూసినం వదినా" అంది.

విజయశ్రీ ఒక్కొక్క మాటే పలికింది. "శోభా, నా మొగడు ఇంక బతికే ఉన్నడు."

"అయ్యో, బాలరాజన్నకేం వదినా, సల్లంగుండాలె" అంది శోభారాణి. తెల్ల మెషీనుకూ బాలరాజుకూ ఏమి సంబంధమో అడిగే సాహసం చేయలేదు.

"ఎర్రది చూడు. లేకుంటె మెరూన్. ఒక్క ఉతుకుకే పాడయ్యేది తేకు, మా అత్త పట్టి పట్టి చూస్తది. ఆమెకు గూడ ఒకటి చూడు, ఒక్కదానికే పెడితే బాగుండదు. పదకొండు మందిమి రైలుకు వస్తానం." ఫోను పెట్టేసింది.

శోభారాణి గోడకు ఆనుకుని కూర్చుంది. మహిపాల్ పళ్లు తోముకునే బ్రష్షుతోనే వచ్చాడు.

"వదినకు తెల్సిపోయింది, మెరూన్ రంగుదే తెమ్మంటాంది. మిషన్ చూస్తందుకు పదకొండు మంది వస్తాన్రు. వాళ్ల అత్తకు గూడ ఒక మిషన్ కొనాలెనట."

మహిపాల్ నోట్లోని నురగ మింగేశాడు. "రెండోది తర్వాత సూద్దాం. ముందుగాల్ల అక్క చెప్పిన రంగు తెద్దాం, జర తగ్గుతది."

షాపులో తెల్ల మెషీన్ ద్వారం ఎదురుగానే ఉంది. మూత ఎత్తితే స్టీలు డ్రమ్ము తళతళలాడింది. శోభారాణి దాని మీద చేయి వేసి, యాకయ్య చెప్పిన పేరు ఒకసారి చదువుకుని, "మెరూన్ రంగుల తొమ్మిది కిలోలది ఉన్నదా?" అని అడిగింది.

సేల్స్‌మన్ శ్రీనివాస్ ఆశ్చర్యంగా చూశాడు. "ఒకటే ఉందమ్మా, రెండేండ్ల సంది ఆ మూలకే ఉంది. డ్రమ్ము ప్లాస్టిక్‌ది. సర్వీసుకు హైద్రాబాద్ నుంచి రావాలె. మీ చెయ్యి దాని మీదున్నది గదా, అదే మంచిగుంటది."

"నాక్కూడ ఎరికే తమ్మీ" అంది శోభారాణి. చేయి మాత్రం తీసేసింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులు వరుసగా ఉన్నాయి. హాల్లో ముగ్గేసి, దాని మీద పీట వేసి ఉంది. తలంటుకున్న విజయశ్రీ కొంగు సర్దుకుని తూర్పు ముఖంగా కూర్చుంది. పక్కన బాలరాజు, ఎదురుగా ఆమె అత్త చిలుకమ్మ, తోడికోడలు భారతి, చుట్టూ మిగతావాళ్లు. మెషీన్ చూడటానికి తలస్నానం చేసి వచ్చారా అని శోభారాణి గుమ్మంలోనే ఆగిపోయింది. వెనకనే ట్రాలీ ఆటో వచ్చింది. ఇద్దరు మనుషులు మెరూన్ మెషీన్ దింపి హాలు మధ్యలో పెట్టారు.

అందరూ దాన్ని చూశారు. తర్వాత దాని వెనక ఇంకేమైనా వస్తుందేమోనని గుమ్మం వైపు చూశారు.

"ఇదేంది?" అంది విజయశ్రీ. "బియ్యమేవి?"

"ఏం బియ్యం వదినా?"

"ఒడిబియ్యం."

పుట్టింటివాళ్లు పెళ్లయిన ఆడపిల్లకు కొత్త బట్టలు పెట్టి, ఒడిలో పసుపు బియ్యం పోస్తారు. విజయశ్రీకి అది జరిగి చాలా ఏళ్లయింది. శోభారాణి అత్త వైపు తిరిగింది. సమ్మమ్మ అమాయకంగా అంది, "మీరే అనుకుంటిరి గద బిడ్డా. బట్టలు పెడ్తం, పోస్తం, ఎనిమిది కిలోలు, వదినకు చెప్పకు అని. నేను ఫోన్ చేసి చెప్పిన."

ఎనిమిది కిలోలు, సరిసంఖ్య, తెల్ల రంగు, బాలరాజు ఆయుష్షు, అన్నీ ఒక్కొక్కటిగా శోభారాణికి అర్థమయ్యాయి. ఇప్పుడు తనకు పడబోయే మాటల కోసం కళ్లు మూసుకుంది.

మాట్లాడింది విజయశ్రీ కాదు, చిలుకమ్మ. "ఏందే విజయా, మీ తల్లిగారోళ్లు పిలిచిండ్రంటివి, అందర్ని రైలెక్కిస్తివి. ఈసారి గూడ మర్చిపోయిండ్రా?"

శోభారాణి కళ్లు తెరిచింది. విజయశ్రీ ముఖంలో రక్తం లేదు. కొంగు చివరను వేలికి చుట్టి విప్పుతోంది. ఆ ముఖం శోభారాణి బాగా ఎరుగును. నెక్కొండ నుంచి ఫోను వచ్చినప్పుడల్లా బీరువా అద్దంలో తనకు కనిపించే ముఖమే అది.

"మర్చిపోలే పెద్దమ్మా" అన్నది తన గొంతేనని ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. "బియ్యం లోపలున్నయి, తొమ్మిది కిలోలు. సరిసంఖ్య వద్దని వదిననే చెప్పింది. పసుపు కలుపుడే ఆలస్యం. బట్టలు మా ఆయన ఇప్పుడే తెస్తడు." మహిపాల్ వైపు తిరిగి మెల్లగా, "ఎర్ర చీరె, మీ బావకు జత, పెద్దమ్మకు చీరె. ఉరుకు" అంది. మహిపాల్ చెప్పులు కూడా వేసుకోకుండా సందు చివర బట్టల షాపుకు పరుగెత్తాడు.

పావుగంటలో బట్టలు వచ్చాయి. శోభారాణి దోసిళ్లతో వదిన ఒడిలో బియ్యం పోసింది. మూడో దోసిలికి మణికట్టు కలుక్కుమంటే పెదవి కొరుక్కుంది. విజయశ్రీ అప్పుడే ఆ పట్టీని చూసింది.

"చెయ్యికేమైంది?"

"బట్టలు పిండి పిండి వాసింది. ఆపరేషన్ అంటాండు డాక్టర్. అందుకే మిషన్."

"ఈ రంగుదే తెచ్చినవేంది మరి?"

"మీరే చెప్తిరి."

విజయశ్రీ మెషీన్ వైపు చూసింది, తన కొత్త చీర వైపు చూసింది. రెండూ ఒకటే రంగు. "నీకేది నచ్చింది?" అని మెల్లగా అడిగింది. పందొమ్మిదేళ్లలో ఆమె శోభారాణిని ఆ మాట అడగడం అదే మొదలు.

"తెల్లది" అంది శోభారాణి.

విజయశ్రీ ఒడి దించుకోకుండానే, గుమ్మం బయట ఇంకా కిరాయి కోసం ఆగి ఉన్న ట్రాలీవాడి వైపు తిరిగి గొంతు పెంచింది. "ట్రాలీ బాబూ, పోకు. దీన్ని వాపస్ తీస్కపో. మా శోభ తెల్లది చూసి పెట్టుకుంది, అది పట్టుకరా. షాపోడు లొల్లి పెడితే నాకు ఫోన్ చేపియ్యి." షాపువాడు లొల్లి పెట్టలేదు. తెల్ల మెషీన్ సాయంత్రానికల్లా వచ్చి, బాత్రూం పక్కన చప్పుడు లేకుండా తిరగసాగింది. శోభారాణి దాని మీద ఎడమచేయి వేసి నిలబడింది.

రైలుకు వేళవుతుంటే విజయశ్రీ చల్లటి నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది. తలుపు గోడకు తగిలిన చప్పుడు వినిపించింది.

"ఈ ఫ్రిజ్ ఎవలు చూసి తెచ్చిండ్రు, సగమే తెరుసుకుంటాంది?"

హాల్లో మహిపాల్ గబగబా లేచి, రైలుకు వేళైందని అందరినీ తొందరపెట్టాడు.