జపాన్ నక్క ఇచ్చిన సాక్ష్యం

పుస్తకాల లోపలి పేజీలన్నీ పోయాయి. అట్టలు మాత్రం బీరువాలో వరసగా నిలబడి ఉన్నాయి. కాబట్టి దొంగ చాలా క్రమశిక్షణ గల మనిషని విచారణ సంఘం మొదటి విడత చాయ్ తాగేలోపే తేల్చేసింది.

అది 1983 జూన్. జనగామ వికాస పఠన మందిరంలో అందరూ కూర్చున్నారు, సుమిత్ర ఒక్కతే నిలబడింది. ముద్దాయి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

"గీ జనగామల జపాన్ భాష వచ్చినోళ్ళు ఎందరు?" అని అడిగారు శ్రీపాల్ రావు గారు. మందిరానికీ, విచారణ సంఘానికీ ఆయనే అధ్యక్షులు.

"సుమిత్రమ్మ ఒక్కతే దొరా," అన్నాడు లైబ్రేరియన్ వీరస్వామి.

"మరి జపాన్ పుస్తకాలతోని పని ఎవలకుంటది?"

సభ ఆ తర్కానికి మురిసిపోయింది.

ఆమె హైదరాబాదులో మేనత్త ఇంట్లో ఉండి, సాయంత్రం క్లాసుల్లో జపాన్ భాష సగం దాకా నేర్చుకుంది. చిక్కంతా ఆ సగం దగ్గరే వచ్చింది. అక్షరాలు దిద్దే పుస్తకం మరీ తేలిక, పేపరు మరీ కష్టం. నడుమ ఉన్నవాళ్ళు చదువుకునేందుకు ఏదీ దొరకదు, ఉచితంగా అసలే దొరకదు. చివరికి మద్రాసులోని జపాన్ వాళ్ళ కార్యాలయానికి ఉత్తరం రాస్తే, వాళ్ళు పెద్ద మనసుతో ఓ కట్ట బొమ్మల కథలు మందిరం పేరున పంపారు. విడిగా మనుషులకు ఇవ్వరట, పఠన మందిరాలకే ఇస్తారట.

ఆ కట్టకు బ్యాండు మేళంతో స్వాగతం జరిగింది. "సూర్యుడు పుట్టే దేశం నుండి మన జనగామకు వెలుగు వచ్చింది! ఈ వెలుగును ప్రాణం పెట్టి కాపాడుతాం!" అని శ్రీపాల్ రావు గారు గర్జించి, వెలుగును బీరువాలో పెట్టించి తాళంచెవి జేబులో వేసుకున్నారు. అంత నున్నటి కాగితం జనం చదివితే నలుగుతుందని ఆయన ఆవేదన. జపాన్ భాష పరీక్ష పాసైన సర్టిఫికెట్ చూపిస్తేనే పుస్తకం ఇవ్వాలని తీర్మానించారు. ఆ పరీక్ష పాసు కావాలంటే పుస్తకాలు చదవాలి. తీర్మానం ఏకగ్రీవం.

పరీక్ష రానే వచ్చింది. పాసైతే జపాన్ ఇంజనీర్ల దగ్గర దుబాసీ ఉద్యోగం. సుమిత్ర బతిమాలి బతిమాలి బీరువా తెరిపిస్తే, లోపల అట్టలు! తెరిపించింది ఆమె కనుక అనుమానమూ ఆమె మీదే. ఆ పరీక్ష పెట్టేదీ మద్రాసు వాళ్ళే. ఈ పిల్ల పుస్తకాల దొంగ అని సంఘం ఒక్క ముక్క రాస్తే, ఆమెను పరీక్ష గది గడప తొక్కనివ్వరు.

"అన్నం తిన్నంక తీర్పు," అని అధ్యక్షులు సభను వాయిదా వేశారు.

సుమిత్ర ఇంటికి వెళ్తుంటే, పక్కింటి ఉప్పలమ్మ అరుగు మీద మనవరాలి లెక్కల పుస్తకం తళతళలాడింది. దానికి అట్టగా వేసిన నున్నటి కాగితంపై ఓ నక్క గొడుగు పట్టుకుని పరుగెత్తుతోంది. కింద జపాన్ అక్షరాలు.

"గీ అట్ట ఎక్కడిదవ్వా?"

"బడి తెరిసిన్నాడు దొర పంచిండు గదా! దండలేసినం, ఊరంత పోయి చప్పట్లు గొట్టినం. నువ్వు ఇంట్ల కూసోని ఏందో బట్టీ పడుతుంటివి."

"అవి మందిరం పుస్తకాల పేజీలవ్వా! గిది దొంగతనం!"

"దొర పంచితే దొంగతనం ఎట్లయితది బిడ్డా? దానం గదా!"

సుమిత్ర అన్నం మరిచి వాడంతా తిరిగింది. నక్క గొడుగు ఎత్తుకుపోవడం ఉప్పలమ్మ ఇంట్లో, వాన పట్టుకోవడం కిరాణం యాకయ్య కొడుకు తెలుగు వాచకం మీద, గొడుగు పోయిన తాత తడిసి జ్వరాన పడడం చంద్రమ్మ కూతురి సైన్సు పుస్తకం మీద. ఉచితంగా చదువుకునే భాగ్యం ఎట్టకేలకు కలిగింది. కాస్త నడవాలి, అంతే. ఆఖరి పేజీ ఒక్కటే ఏ ఇంట్లోనూ దొరకలేదు.

మళ్ళీ సభ మొదలయింది. "పేజీలు పిల్లల పుస్తకాల మీదున్నయి!" అంది సుమిత్ర.

"గది అందరికెరుకే గదమ్మా," అన్నాడు వీరస్వామి జాలిగా. "దొంగ ఎవలన్నది గదా గిప్పుడు ముచ్చట!"

అప్పుడు చూసింది సుమిత్ర. బల్ల మీది విచారణ ఫైలుకు తొడిగిన అట్ట తళతళలాడుతోంది. దాని మీదా అదే నక్క, అదే గొడుగు.

"దొరా, గీ ఫైలు మీద జపాన్ అచ్చున్నది. చదవాల్నా?"

శ్రీపాల్ రావు గారు లేచి నిలబడ్డారు. "చదువు! అచ్చులో ఉన్నది, అందునా విదేశీ అచ్చులో ఉన్నది, ఈ సంఘం తు.చ. తప్పకుండా అంగీకరిస్తుంది!"

సుమిత్ర జపాన్ భాషలో గడగడా చదివింది. సభ నోరు తెరిచింది.

"తెలుగుల జెప్పు తల్లీ!"

ఆ ఆఖరి పేజీలో నక్క సిగ్గుపడి, గొడుగును తనంతట తానే తెచ్చి తాతకు ఇచ్చేసింది. అలాంటి నక్కలు జనగామలో లేవని సుమిత్రకు తెలుసు. అందుకే అనువాదం కాస్త స్వేచ్ఛగా చేసింది.

"'పేజీలు చించిన దొంగ మందిరం అధ్యక్షుడే' అని రాసున్నది."

వీరస్వామి వంగి చూశాడు. యాకయ్య కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. సభ్యులంతా ఒకరి మీద ఒకరు పడి చూశారు.

"ఔ, గట్లనే ఉన్నది!"

"పేరు గూడ ఉన్నది, గిదో!"

"అచ్చయినంక అబద్ధమెట్లయితది!"

బడి తెరిచిననాడు కొట్టిన చేతులే మళ్ళీ చప్పట్లు కొట్టాయి. ఆ గదిలో జపాన్ చదవడం రానివాడు ఇంకొక్కడే మిగిలాడు. ఆయన కోసం అందరూ గొంతు కలిపి గట్టిగా చదివి వినిపించారు:

"శ్రీపాల్ రావు!"