గడప ముందు కుంపటి

ఆ ఏడాది డిసెంబరులో జహీరాబాదుకు పొద్దు పొడవడమే బరువైపోయింది. ఎనిమిదైనా మంచు వీడదు. నల్లా కింద చెయ్యి పెడితే వేళ్లు తనవి కానట్టుగా ఉండేవి సుమిత్రకు. అలాంటి ఒక ఉదయం ఆమె మొగుడి చేతికి సద్ది డబ్బా అందిస్తూ, అత్తగారికి వినపడకుండా గొంతు తగ్గించి మూడు వేళ్లు చూపించింది.

"యాదికున్నయి గద? ఎర్ర తీగ పిల్లల చేతికందొద్దు. తాకితే పడిపోవద్దు. పొగ, వాసన రావొద్దు."

"నేను హీటరు చూడవోతున్ననా, పిల్లకు సంబంధం చూడవోతున్ననా?" అన్నాడు రామ్‌కిషన్.

"అల్లుడు మంచోడు కాకపోతే పిల్ల ఏడ్చుకుంటనన్న ఇంటికొస్తది. ఇది గట్ల కాదు. జర మంచిగ చూసి తేన్రి."

ఆ మాటతో రామ్‌కిషన్ నవ్వు ఆగిపోయింది. మార్కెట్ యార్డులో గుమాస్తా అతను. పదిహేను రోజులుగా పెళ్లాం పెట్టిన పోరుకు ఆ రోజు సగం పూట సెలవు పెట్టాడు. చెన్నబసప్ప కరెంటు సామాన్ల దుకాణం తెరవగానే హీటరు కొని తెచ్చి, తల్లికి ఆ తర్వాత చెప్పాలన్నది వాళ్లిద్దరి ఏర్పాటు.

సుమిత్ర భయం ఊరికే పుట్టింది కాదు. పెద్దపిల్ల మనోరమకు మూడేళ్లు. పోయిన చలికాలం కుంపటి అంచు పట్టుకుంటే ఎడమ అరచేయి కాలి, ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. చిన్నవాడు మదన్‌మోహన్‌కు పది నెలలు. చల్లగాలి తగిలితే చాలు, వాడి ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తాయి. పైగా న్యాల్‌కల్ వైపు ఎవరో మొగుడూపెళ్లాలు తలుపులు బిగించి కుంపటి పెట్టుకుని పడుకుంటే తెల్లారి లేవలేదట. ఆ కబురు విన్ననాటి నుంచి సుమిత్ర పడుకున్న పిల్లల ముక్కుల దగ్గర వేలు పెట్టి చూస్తూ ఉంటుంది.

అత్తగారు అనంతమ్మకు ఇవేవీ పట్టవు. "కరంటంటే కండ్లకు కానరాని పాము. నిప్పంటవా, నిప్పు కనవడ్తది. అయిదుగురిని గీ కుంపటి ముందల్నే పెంచిన," అనేది ఆమె. ఆ అయిదుగురిలో ఇద్దరే మిగిలారన్న మాట సుమిత్ర నోటి దాకా వచ్చేది, అక్కడే ఆగిపోయేది.

రామ్‌కిషన్ వెళ్లాక సుమిత్ర ముగ్గు తర్వాత వేయొచ్చు, పొయ్యి తర్వాత వెలిగించొచ్చు అనుకుని, ముందు పిల్లవాడి గుడ్డలు ఉతకడానికి పెరట్లోకి పోయింది. అరగంటకు తిరిగొచ్చి నడిమింటి తలుపు తోసేసరికి లోపలి ఉక్క ముఖానికి కొట్టింది. వీధి వైపు తలుపు కూడా మూసి ఉంది. కిటికీలో గోనెసంచి కుక్కి ఉంది. మధ్యలో కుంపటి. దాని పక్కన అనంతమ్మ పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని కునికిపాట్లు పడుతోంది.

"అమ్మా, తలకాయ నొస్తుంది," అంది మనోరమ.

సుమిత్ర పిల్లవాణ్ని ఎత్తుకుంది. వాడి మెడ వాలిపోయింది. పేరు పెట్టి పిలిచినా, చెంప తట్టినా కళ్లు తెరవలేదు. పిల్లలిద్దరినీ ముందు పెరట్లో వదిలి వచ్చి, తలుపులు బార్లా తెరిచి, కొంగుతో పట్టుకుని కుంపటిని ఎత్తి గడప దాటించి, వీధి వైపు మెట్టు మీద దబ్బున దించింది. పైన వేసిన పిడక సగం కాలి గుప్పుగుప్పుమని పొగ చిమ్ముతోంది.

"అత్తమ్మా, లెవ్వున్రి! బయటికి రాన్రి!"

అనంతమ్మ లేచి బయటికి వచ్చి, కుంపటిని చూసి కొయ్యబారిపోయింది.

"నిప్పు తీసి గడప ముందల పెట్టినవా? నిప్పు గట్ల ఎవరి ఇంటి ముందల పెడ్తరో ఎరుకేనా నీకు? పీనుగ లేచే ఇంటి ముందల!"

"లోపల పెడితే నిజంగనే లేస్తది అత్తమ్మా. పోరడు కండ్లు తెరుస్తలేడు!"

"అంటే నేను సంపుతున్ననా వాన్ని? మంచిది. ఇగ ఇంట్లకు నేను రాను. ఎవ్వరితోని మాట్లాడ. పిలిచినా పలుక."

అన్నంత పనీ చేసింది. అరుగు మీద చాప పరిచి, చెవుల్లో దూది పెట్టుకుని, తెల్ల దుప్పటి కాళ్ల నుంచి తల దాకా లాక్కుని ముసుగు తన్ని పడుకుంది. సుమిత్రకు బతిమాలే తీరిక లేదు. మదన్‌మోహన్‌ను గొంగట్లో చుట్టి, మనోరమ చెయ్యి పట్టుకుని దవాఖానకు పరుగెత్తింది.

సగం దారిలో చల్లగాలికి పిల్లవాడు కళ్లు తెరిచి గుక్కపట్టి ఏడ్చాడు. వాడు పుట్టిన రోజు ఏడుపు కూడా సుమిత్రకు అంత తియ్యగా వినిపించలేదు. అయినా ఆగకుండా పోయి చూపించింది. పొడుగాటి వరుస. చివరకు డాక్టరు వాడి ఛాతీ విని, కనురెప్పలు ఎత్తి చూసి, "బొగ్గుల గాలి తలకెక్కిందమ్మా. ఇంకో గంట అట్లనే ఉంటే నా చేతుల లేకుండె. ఆ గదిల ఇంకెవరన్న ఉండెనా?" అని అడిగాడు.

"మా అత్తమ్మ ఉండె. ఆమె మంచిగనే ఉన్నది. అలిగి అరుగు మీద పండుకున్నది."

"పండుకున్నదా?" అన్నాడు డాక్టరు. "పోయి జర లేపి చూడు."

ఆ మాట సుమిత్రను దారంతా కొరుక్కుతింది. వీధి మలుపు తిరగగానే ఏడుపు వినపడింది. ఎదురింటి బసమ్మ గొంతు అది. రాగం తీసి ఏడుస్తోంది.

ఇంటి ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. మగవాళ్లు తలలకు తువ్వాళ్లు చుట్టుకుని గోడవారగా నిలబడ్డారు. కుంపటి ఇంకా పొగలు కక్కుతోంది. అడ్డాలో కూలిచేసే నర్సింలు అప్పుడే రెండు పచ్చి వెదుర్లు తెచ్చి గోడకు ఆనించాడు. అరుగు మీద అనంతమ్మ దుప్పటి కదలకుండా ఉంది.

"అయ్యో శివనే! అత్త పోయిందని ఒక్క మాట చెప్పకపోతివి కదమ్మా," అంటూ బసమ్మ సుమిత్రను వాటేసుకుంది. "పొద్దుగాల తలుపు తీసి చూస్తె గడప ముందల నిప్పు. ముగ్గు లేదు. పొయ్యి మీద పొగ లేదు. అరుగు మీద అనంతక్క. పిలిచిన, పలకలే. నువ్వు చుట్టాలకు కబురు చెప్పనీకి పోయినవని మేమే అన్నీ మొదలువెట్టినం. కోహీర్ బస్సు కండక్టరుకు చెప్పి మీ ఆడబిడ్డకు గూడ కబురు పంపినం."

కాదు, ఆమె అలిగి పడుకుంది అని చెప్పడానికి సుమిత్ర నోరు తెరిచింది. అంతలో డాక్టరు అడిగినది చెవుల్లో గింగురుమంది. ఆ గదిలో ఉన్నది ముగ్గురు. ఇద్దర్ని తను ఎత్తుకుపోయింది, ఒకరిని ముసుగులో వదిలేసింది. పిలిచినా పలకనని అత్తగారు చెప్పే పడుకుంది, మాట నిలబెట్టుకుంది. సుమిత్ర పిల్లవాణ్ని గుండెకు అదుముకుని అరుగు కింద కూలబడి భోరుమంది. ఆమె ఏడవడంతో అప్పటిదాకా కొంచెం అనుమానంగా ఉన్న నలుగురైదుగురు కూడా తువ్వాళ్లతో కళ్లొత్తుకున్నారు. కోడలే ఏడుస్తుంటే ఇంకేం కావాలి?

ముసుగు తీసి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. పీనుగను ముట్టుకుంటే తలస్నానం చేయాలి. ఆ చలిలో నల్లా నీళ్లను తలుచుకుని, 'కొడుకు రానీ, మొదట ముట్టుకునే హక్కు కొడుకుదే' అని అందరూ ధర్మం మాట్లాడారు. మధ్యలో దుప్పటి కొంచెం కదిలింది. "గాలి," అన్నారు ఎవరో.

బసమ్మ ఏడుపు ఊపందుకుంది. "చల్లటి మనిషి! నోట్లె నాలిక లేని మనిషి! నల్లా కాడ నా బిందె ముందల పెట్టుమని పక్కకు జరిగేటి మనిషి!" ముందురోజే ఆ నల్లా దగ్గర బిందెల కోసం ఇద్దరూ జుట్లు పట్టుకోవడం వీధంతా చూసింది. అయినా ఎవరూ కాదనలేదు.

అప్పుడు వచ్చాడు రామ్‌కిషన్, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుంటూ. పొద్దెక్కి తెరిచిన దుకాణంలో హీటర్లు చూస్తుండగా, యార్డులో వెతికి వెతికి వచ్చినవాళ్లు కబురు చెప్పారు. చూస్తున్న హీటరు చంకలోనే ఉన్న సంగతి కూడా అతనికి తెలియదు. వెనకాల చెన్నబసప్ప దుకాణం సగం మూసి ఆయాసపడుతూ వస్తున్నాడు. రామ్‌కిషన్ తల్లి కాళ్ల మీద పడ్డాడు. చంకలోని హీటరు జారి అరుగు మీద నుంచి దొర్లింది. గిన్నెలాంటి దాని రేకు ఒకవైపు, చుట్టల తీగ ఒకవైపు ఊడిపోయి, సరిగ్గా మనోరమ కాళ్ల దగ్గర ఆగింది. పిల్ల వంగి తీగ మీద వేలు పెట్టబోయింది. అంత ఏడుపులోనూ సుమిత్ర చటుక్కున దాని చెయ్యి పట్టి లాగింది.

"అమ్మా, నీకు చెప్పకుంట హీటరు కొననీకి పోయిన! నీ మాట కాదన్న! నాకీ శాస్తి కావాల్సిందే!" అని రామ్‌కిషన్ తల బాదుకున్నాడు.

"ఏం హీటరురా?" అంది దుప్పటి.

బసమ్మ వెనక్కి పడి వెదుర్ల మీద కూర్చుంది. తువ్వాళ్లవాళ్లలో ముగ్గురు వీధి చివరిదాకా పోయి అక్కడి నుంచి చూశారు. అనంతమ్మ లేచి కూర్చుని, చెవుల్లోంచి దూది తీసింది.

"అత్తమ్మా!" అని సుమిత్ర ఆమె చేతులు, చెంపలు తడిమింది. వెచ్చగా ఉన్నాయి. "మంచిగున్నరా? తల నొస్తుందా?"

"తల ఎందుకు నొయ్యది, ఇంత మంది నెత్తి మీద ఏడుస్తుంటె?"

"మరి లేవకపోతివి ఏందక్కా!" బసమ్మకు కోపమూ వచ్చింది, సిగ్గూ వచ్చింది.

"పలకనని ఒట్టేసుకుంటిని. రెండోది, నీ గొంతుకు దూది ఆగుతదా, ఇంకా ఏమేం మంచి చెప్తవో విందామని ఉంటిని. నోట్లె నాలిక లేని మనిషినా నేను? నిన్న నల్లా కాడ ఏమన్నవో యాదికి లేదా?"

ఇంతలో కోహీర్ నుంచి ఆడబిడ్డ బీరమ్మ దిగింది, జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ. తల్లి కూర్చుని ఉండటం చూసి, బాదుకోవడం ఆపి తల్లినే తిట్టింది. "బస్సు నిండ ఏడ్చుకుంట వచ్చిన గదనే! కండక్టరు నాకు టికెటు గూడ కొట్టలే!"

అందరి ముఖాలూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వేళ చెన్నబసప్ప గొంతు సవరించుకున్నాడు. వయసులో పెద్దవాడు. "గిట్ల తప్పుడు కబురు పోతె మంచిదే. ఉన్న గండం పోయినట్టే. అనంతమ్మకు ఇగ ఇరవై ఏండ్ల దాక ఢోకా లేదు." ఆ మాట దొరకగానే గుంపంతా దాన్ని పట్టుకుంది. ఔను, ఇరవై ఏండ్లు, ఇరవై ఏండ్లు అన్నారు. అనంతమ్మ ముఖం వెలిగింది.

రామ్‌కిషన్ కుంపటిని లోపల పెట్టబోయాడు.

"ఆగు! ఊరంత పీనుగ నిప్పని చూసినంక అది మళ్ల గడప లోపలికి వస్తదా? పారెయ్యి," అంది అనంతమ్మ. పదిహేను రోజులు సుమిత్ర నెత్తీనోరూ కొట్టుకుని సాధించలేనిది అరుగు మీదే అయిపోయింది. "మరి నాకు సలి పెట్టదా? గా హీటరేదో పెట్టున్రి."

"ఇది వద్దు," అంది సుమిత్ర. అంతమంది మగవాళ్ల ముందు ఆమె గొంతెత్తడం అదే మొదటిసారి. "పడ్డది అందరు చూసిన్రు. పడనిది కావాలె."

చెన్నబసప్ప దుకాణానికి పోయి మరో రెండు తెచ్చాడు. ఒకటి పొడుగాటి కడ్డీ ఉన్నది. ఇంకొకటి వెడల్పు కాళ్లున్న ఇనప పెట్టె, ముందు రెండు పొరల జాలి. సుమిత్ర చీపురు పుల్ల తీసి మనోరమ నడిమి వేలికి కొలిచి విరిచింది. దాన్ని మొదటి దాని జాలిలోంచి దూర్చింది. పుల్ల కడ్డీకి తగిలింది. పక్కన పెట్టింది. పెట్టె జాలిలోంచి దూర్చింది. రెండో పొర దగ్గర ఆగింది. కాలితో గట్టిగా తోసింది. పెట్టె జరిగింది గానీ పడలేదు. వైరు గోడకు తగిలించి మీట నొక్కితే కాసేపు దుమ్ము కాలిన వాసన వచ్చి పోయింది. ఏడవడానికి వచ్చిన ముప్పై మందీ మెడలు చాచి చూస్తున్నారు. సుమిత్ర తలూపింది.

నర్సింలు వెదుర్లు భుజాన వేసుకుని వాపసు బయల్దేరాడు.

"యాడికి తీస్కపోతున్నవు? నా పేరు మీద తెచ్చినయి అవి," అంది అనంతమ్మ. "ముక్కలు కొట్టి దాని సుట్టు కంచె కట్టు. పోరి దగ్గరికి పోకుంట ఉంటది."

పాడె వెదుర్లతో తన పిల్లలకు కంచె! సుమిత్ర వద్దనబోయింది. కానీ నర్సింలు కట్టిన కంచె మనోరమ గొంతు దాకా వచ్చింది, చెయ్యి చాపినా పెట్టె అందలేదు. ఆమె ముడులు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూసింది.

మధ్యాహ్నానికే మళ్లీ మంచు కమ్ముకుంది. గుంపు ఒక్కొక్కరుగా వెళ్లిపోయింది, తలస్నానం తప్పినందుకు లోలోపల సంతోషపడుతూ. నడిమింట్లో కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. మదన్‌మోహన్ పిల్లికూతలు లేకుండా నిద్రపోతున్నాడు. సుమిత్ర వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఎందుకైనా మంచిదని, కంచెను ఆనుకుని కునుకుతున్న అత్తగారి ముక్కు దగ్గర కూడా పెట్టి చూసింది.

చెన్నబసప్ప హీటరుకు ఒక్క ఏడాదే గ్యారంటీ రాసిచ్చాడు. అత్తగారికి మాత్రం ఊరు ఊరంతా కలిసి ఇరవై ఏళ్లిచ్చి పోయింది.