తాండూరు శునక సంరక్షణ సంఘం

తాండూరులో కుక్కలు తప్పిపోకుండా చూసేందుకు 1957లో ఒక సంఘం పుట్టింది. మనుషుల కష్టాలన్నీ అప్పటికే తీరిపోయాయి గనక ఇక కుక్కలే మిగిలాయి. అధ్యక్షులు బండల గనుల యజమాని అనంతయ్యగారు.

తీర్మానం ప్రకారం ప్రతి కుక్క మెడలో ఇంటి నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఉండాలి. బిళ్లలు తళతళలాడుతూ వచ్చాయి. ఇంత మంచి ఇత్తడిని కుక్క పారేస్తే ఎట్లా అని పెద్దమనుషులందరూ వాటిని పెట్టెల్లో పెట్టి తాళాలు వేశారు. ఈనాటికీ ఒక్క బిళ్లా తప్పిపోలేదు.

డప్పు మత్తయ్య కుక్కకు మాత్రం బిళ్ల లేదు. ఎందుకంటే ఇంటికే నంబరు లేదు. నంబరు లేక రేషను కార్డూ లేదు. అయిదేండ్లుగా అర్జీలు పెట్టాడు. "సదరు ఇల్లు కనబడుట లేదు" అని మునిసిపల్ దఫ్తరు జవాబు రాసింది. ఆ జవాబు నేరుగా ఇంటికే వచ్చింది.

అంతలో అధ్యక్షులవారి కుక్క టైగరే తప్పిపోయింది. మత్తయ్య మూడు రోజులు యాలాల్ దాకా డప్పు కొట్టి చాటింపు వేసి, కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. పెండ్లాం భీమమ్మ పొయ్యి పక్కన టైగరు జొన్నరొట్టె నములుతోంది.

"ఎప్పుడొచ్చిందే ఇది?"

"నువ్వు డప్పు పట్టుకొని పోయిన దినమే. బొక్కలు తేలినయ్ పాపం. జర రొట్టేస్తే ఇగ పోతలేదు. నువ్వు ఇంట్ల ఉంటె గద చెప్పేటందుకు!"

కుక్కను సంఘం ముందు నిలబెట్టాడు. గుమాస్తా రిజిస్టరు తెరిచాడు.

"దొరికిన ఇంటి నంబరు?"

"లేదు దొరా."

"నంబరు రాయనిదే దొరికినట్టు కాదు. నియమం ఏడు."

"అట్లయితే ఇంటికి తోల్కపోత దొరా. ఇంకా దొరకలే గద!"

అనంతయ్యగారు లేచి ఉపన్యసించారు. "మన టైగరు నంబరు లేని కొంపలో దొరికిందని చరిత్ర చెప్పుకోవాలా? ఎంత అవమానం!"

దఫ్తరుకు చీటీ వెళ్లింది. సాయంత్రానికల్లా దఫ్తరువాళ్లు వచ్చి గోడ మీద తారుతో నంబరు రాశారు. అయిదేండ్లు కనబడని ఇల్లు ఒక్క పూటలో కనబడింది.

మర్నాడు పొద్దున్నే, నంబరు లేని పక్కింటి నుంచి శాంతవ్వ వచ్చింది.

"వదినే, గా వకీలు సాబు కుక్కకు జొన్నరొట్టె ఇష్టమా, సజ్జరొట్టె ఇష్టమా?"

పక్షం తిరగకుండా తొమ్మిది కుక్కలు తప్పిపోయాయి, తొమ్మిది ఇండ్లు దొరికాయి. సంఘం సేవలు వికారాబాదుకూ విస్తరించనున్నాయి. అందుచేత పాఠకులారా, మీ కుక్క కనబడకపోతే పరేషాన్ కాకండి. మీ ఊళ్లో ఇన్నాళ్లూ మీకు కనబడని ఇల్లు ఏదో చూడండి. అక్కడే ఉంటుంది, కడుపునిండా తిని.