మూడు సీట్లు, తలా ఒక ఓటు

ఆ శనివారం పొద్దున్నే లేచి, సాయంత్రానికల్లా సెమినార్ పేపర్ పూర్తి చెయ్యాలని ఉదయశ్రీ అనుకుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఆమె రాజనీతిశాస్త్రంలో మాస్టర్స్ చేస్తోంది. పేపరు జపాన్ ఎన్నికల మీద. కాఫీ కలుపుకునేలోపే కింది అంతస్తు నుంచి లక్ష్మణరావు మెట్లెక్కి వచ్చాడు. ముప్ఫై ఏళ్ల కిందట ఇంజనీరుగా వచ్చి స్థిరపడ్డ మనిషి, పదకొండేళ్లుగా తెలుగు సంఘం అధ్యక్షుడు, ఆమె ఉంటున్న గది యజమాని.

"అమ్మాయ్, మధ్యాహ్నం మన సంఘం ఎలక్షన్. చేతులెత్తే పద్ధతి వద్దని స్టూడెంట్సు గొడవ. నువ్వు ఎలక్షన్లే చదువుతున్నావుగా, కాస్త నడిపించు. కమిటీలో మూడు సీట్లు. అందరికన్నా ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లు ప్రెసిడెంటు."

ఆ గది దొరకడానికి ఆమెకు అయిదు నెలలు పట్టింది. కాదనలేకపోయింది. ఆ క్షణాన బుర్రలో ఉన్నది ఒకే పద్ధతి, జపాన్‌వాళ్లు 1993 దాకా వాడినది: ఒక్కో నియోజకవర్గానికి మూడు నుంచి అయిదు సీట్లున్నా ఓటరుకు ఒక్కటే ఓటు. అదే చెప్పింది. లక్ష్మణరావు సగమే విన్నాడు. మూడు సీట్లంటే మనిషికి మూడు ఓట్లనుకుని తన వర్గం నుంచి ముగ్గురిని నిలబెట్టాడు: తను, భార్య శారదాదేవి, ఐటీలో పనిచేసే జితేంద్ర. విద్యార్థుల తరఫున మంగ ఒక్కతే నిలబడింది.

హాల్లో చీటీలు పంచుతుంటే గానీ అసలు సంగతి ఆయనకు తెలియలేదు.

"ఒక్క ఓటేనా? మరి మా ముగ్గురికీ ఎలా వేస్తారు?"

"పంచుకోవాలి అంకుల్. ఈ పద్ధతిలో సొంత పార్టీవాళ్లే ఒకరికొకరు పోటీ. అందుకే జపాన్‌లో ఒకే పార్టీలో ఎవరి ముఠా వాళ్లది, ఎవరి ఓటర్లు వాళ్లవాళ్లు."

"మాకలాంటివి లేవమ్మా. మాది ఒకటే కుటుంబం."

కుటుంబం అరగంట నిలిచింది.

ముందు జితేంద్ర కొత్తగా వచ్చినవాళ్లను ఓ మూలకు తీసుకెళ్లాడు. "అంకుల్ ఎట్లైనా గెలుస్తడు. ఆయనకేస్తే ఓటు వేస్టు. నాకెయ్యిన్రి, మీ ఆన్‌మెల్డుంగ్‌కి టెర్మిన్ నేను చూస్కుంట." చిరునామా నమోదుకు అపాయింట్‌మెంటు దొరక్క వారాల తరబడి తిరుగుతున్నవాళ్లు తలలూపారు.

అది విన్న శారదాదేవి గారెల పళ్లెం పట్టుకుని వరసల్లోకి దిగింది. "మీ అంకుల్‌కేమర్రా, గెలిచి కూర్చున్నారు. నాకు పడేయండి."

ఎదురొచ్చినవాళ్లంతా "మీరు గెలిచినట్టే అంకుల్" అంటుంటే లక్ష్మణరావు పొంగిపోయాడు. ఎవర్నీ ఓటడగలేదు. పైగా, "మా ఆవిడ చిన్నబుచ్చుకోకుండా ఆవిడకి నాలుగు వెయ్యండి," అని తనే చెప్పుకుంటూ తిరిగాడు.

ఉదయశ్రీకి కాలు నిలవలేదు. "అంకుల్, మీరూ అడగండి."

"నేనడగడమేంటమ్మా!"

చీటీలు విప్పారు. శారదాదేవికి పదహారు, జితేంద్రకు పన్నెండు, మంగకు పది. లక్ష్మణరావుకు రెండు. అందులో ఒకటి ఆయనదే. రెండోది, గది పోతుందన్న భయంతో ఉదయశ్రీ వేసింది.

"ఇంకోసారి లెక్కపెట్టమ్మా," అన్నాడాయన. పెట్టింది. రెండే. ఆమె మొహం చూసి కొత్త అధ్యక్షురాలు దగ్గరికొచ్చింది. "గది గురించి దిగులుపడకే. నేనున్నాగా."

హాలు ఖాళీ అవుతుంటే లక్ష్మణరావు కుర్చీ లాక్కుని ఉదయశ్రీ పక్కన కూర్చున్నాడు. "జపాన్‌వాళ్లు ఈ దిక్కుమాలిన పద్ధతి మానేశారా లేదా?"

"మానేశారు అంకుల్. ఇప్పుడు చాలా సీట్లకు, ఒక్కో చోట పార్టీకి ఒక్కరే అభ్యర్థి. సొంతవాళ్లతో పోటీ ఉండదు."

ఆయన కళ్లు మెరిశాయి. "అదీ పద్ధతంటే! వచ్చే ఏడాది అదే పెడదాం."

"పెట్టొచ్చు. కాకపోతే ఆ ఒక్క టికెట్టు ఎవరికన్నది ఎక్కువగా పార్టీ అధ్యక్షులే తేలుస్తారు."

లక్ష్మణరావు హాలు పక్కనున్న వంటగది వైపు చూశాడు. భార్య సింకు ముందు చీరకొంగు దోపుకుంటోంది.

ఆయన లేచి, చొక్కా చేతులు మడిచి, గిన్నెలు కడగడానికి వెళ్లాడు.