పక్కవాడి సెలవులు

బడి తెరిచిన రోజు పొద్దున టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా ముప్ఫై ఇద్దరు పిల్లల్ని ఒక్క తరగతిగా చెయ్యాలి. మూడింటికల్లా ఆ సంగతి గోడ మీద కనిపించాలి. నాలుగున్నరకి ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఇందులో ఏదైనా బెడిసికొడుతుందని ఆవిడకి అనుమానమైనా రాలేదు, పాపం.

అసలు విషయమేమిటంటే, నాలుగో తరగతి 'ఎ' సెక్షన్ టీచరు సెలవుల్లో ఉద్యోగం మానేసింది. 'బి' సెక్షన్ చూసుకునే ఈవిడ నెత్తిన రెండు సెక్షన్లనూ కలిపి పెట్టారు. ఈవిడ ఏడాదిగా తాత్కాలిక ఉద్యోగి. ఉద్యోగం ఖాయం చేసే కాగితం పెద్ద మేడమ్ సొరుగులో సంతకానికి ఎదురుచూస్తూ ఉంది.

"వాళ్ళు ఒక్క తరగతి అయ్యారని నాకనిపించాలి. వారం టైమిస్తున్నా. కాలేదా, మళ్ళీ విడదీసి వేరేవాళ్ళని చూసుకుంటా," అంది పెద్ద మేడమ్. ఆవిడ వేళాకోళం ఆడటం ఆ బడిలో ఎవరూ చూడలేదు. ఆవిడ సొంత మనవడు అదే తరగతిలో ఉన్నాడు, వాడూ చూడలేదు.

తరగతిలోకి అడుగుపెట్టగానే టీచరమ్మకి నీరసం వచ్చింది. 'ఎ' వాళ్ళంతా కిటికీ వైపు, 'బి' వాళ్ళంతా గోడ వైపు. మధ్యలో ఎవరిదో రబ్బరు కింద పడి ఉంది. అది ఏ సెక్షన్ రబ్బరో తేలలేదు కాబట్టి ఎవరూ తియ్యలేదు.

"పిల్లలూ, ఇవాళ సెలవుల కథలు. కానీ ఎవరి కథ వాళ్ళు రాయకూడదు," అందావిడ. కిటికీ వైపు నుంచి ఒకరిని, గోడ వైపు నుంచి ఒకరిని జంటలు కట్టించింది. ఒకరి కథ ఒకరు వినాలి. విన్నది 'నేను' అనుకుంటూ సొంత కథలా రాయాలి.

"అది అబద్ధం కాదా టీచర్?" అంది బుంగమూతి. ఆ పిల్ల ప్రతిదానికీ ఏదో ఒకటి అడిగేది.

"అబద్ధమెందుకవుతుందమ్మా? వాళ్ళ కథ నీకు అప్పగించారు. ఇక అది నీదే. ఎవరడిగినా నాదే అనాలి."

ఈ మాట టీచరమ్మకే ఎంతో నచ్చింది. నల్లబల్ల మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీసింది. ఎందుకు గీశానురా భగవంతుడా అని సాయంత్రం అనుకుంది గానీ, అప్పుడు మాత్రం తరగతి గలగలమంటుంటే మురిసిపోయింది.

మధ్యాహ్నం గుమాస్తా గారు వరండా గోడకి కాగితాలు గుచ్చారు. రాసినవాళ్ళ పేరు పైన లేనిదే ఆయన గోడకి ఏదీ పెట్టనివ్వరు. అది ఇరవయ్యేళ్ళ నియమం. అందుకని ప్రతి కాగితం మీదా రాసిన పిల్లల పేర్లు ఎర్ర సిరాతో, తన ముత్యాల్లాంటి అక్షరాలతో తనే రాశారు. 'మా పక్కవాళ్ళ సెలవులు' అని టీచరమ్మ రంగుల్లో రాసుకొచ్చిన శీర్షిక మాత్రం బెంచీ మీదే ఉండిపోయింది.

"అది కూడా పెట్టండి సార్!"

"పిన్నులు ముప్ఫై రెండే ఉన్నాయమ్మా. కాగితాలు కూడా ముప్ఫై రెండు. సరిపోయింది."

"శీర్షిక లేకపోతే ఎవరికేం అర్థమవుతుంది?"

"రేపు పెడతాలెండి. చదువుకున్నవాళ్ళేగా వచ్చేది!"

మూడింటికి చదువుకున్నవాళ్ళు వచ్చారు. పాఠ్యపుస్తకాలు తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లిదండ్రులు, పుస్తకాల సంగతి వదిలేసి గోడ దగ్గర మూగారు.

ముందు దొరికిపోయింది పళ్ళ డాక్టరు. ఆయన కూతురు బుంగమూతి పేరు కింద ఇలా ఉంది: 'మా నాన్నకి పళ్ళ డాక్టరంటే చచ్చేంత భయం. సెలవుల్లో పన్ను పీకించుకోమంటే మంచం కింద దూరాడు. అమ్మ చీపురు పెట్టి బయటికి లాగింది.'

ఆయన దగ్గర పళ్ళు కట్టించుకుంటున్న తల్లులిద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మా శనివారం అపాయింట్‌మెంటు ప్రస్తుతానికి ఆపేయండి డాక్టర్ గారూ, మళ్ళీ ఫోన్ చేస్తాం," అంది ఒకావిడ, చాలా మర్యాదగా.

"నాకేం భయమండీ! చూడండి, మూడు పీకించుకున్నా!" అని డాక్టరు వరండాలో నోరు బార్లా తెరిచి నుంచున్నాడు.

ఈలోగా గుంపులో ఉన్న దర్జీ భుజం మీద ఎవరో చరిచారు. "కవలలటగా! చెప్పనేలేదేం గురూ?"

దర్జీ తెల్లబోయాడు. కొడుకు కాగితం చదివాడు. 'సెలవుల్లో మా అమ్మకి కవలలు పుట్టారు. నాన్నకి ఇంకా ఎవరు ఎవరో తెలీదు.' ఆయన భార్య రెండు నెలలుగా పుట్టింట్లో ఉంది. వెళ్ళేటప్పుడు అలాంటి సూచనలేమీ ఉన్నట్టు ఆయనకి గుర్తులేదు. కానీ ఆయనకి గుర్తులేని సంగతులు చాలా ఉంటాయని ఆవిడే అంటూ ఉండేది. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమేవ్, కవలలు పుట్టారట గదా! నాకొక్క మాటైనా చెప్పలేదే?"

అవతలి నుంచి వచ్చిన కేక గోడకి ఆనుకున్నవాళ్ళందరికీ వినబడింది. "కవలలా? ఎవరికి పుట్టారు? ఏ ఇంట్లో? నేను రెండు నెలలు లేకపోతే ఇంత భాగోతం నడిపావా? ఉండు, బస్సెక్కుతున్నా!"

దర్జీ ఫోన్ జేబులో పెట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు, సరిగ్గా శీర్షిక మీద. ఆ కాస్త ఆధారమూ కనబడకుండా పోయింది.

గోల విని పెద్ద మేడమ్ వచ్చింది. టీచరమ్మ పరుగున వచ్చి, ఊపిరి కూడా తీసుకోకుండా జరిగింది మొత్తం చెప్పేసింది. ఇవి పక్కవాళ్ళ కథలని విన్నా ఎవరూ చల్లబడలేదు.

"అయితే మంచం కింద దూరిన మహానుభావుడెవరో తేల్చండి. నా ప్రాక్టీసు పోతోందిక్కడ!" అన్నాడు డాక్టరు.

"ఆ కవలలెవరివో ఒక్కసారి మా ఆవిడకి చూపిస్తే చాలు తల్లీ," అన్నాడు దర్జీ, దాదాపు ఏడుస్తూ.

పెద్ద మేడమ్ పిల్లల్ని వరండాలో నిలబెట్టించింది. "ఎవరి కథ ఎవరిదో ఇప్పుడే చెప్పాలి. గుమాస్తా గారు పేర్లు దిద్దుతారు." ఆపైన టీచరమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఇది తేలకపోతే మీకు వారం కూడా అక్కర్లేదు."

సొరుగులో కాగితం సొరుగులోనే చివికిపోతున్నట్టు టీచరమ్మకి కళ్ళ ముందే కనబడింది.

"పళ్ళ డాక్టరు కథ ఎవరిది?" అంది పెద్ద మేడమ్.

"నాదే మేడమ్," అంది బుంగమూతి.

"మీ నాన్నే పళ్ళ డాక్టరు కదే!"

"అయినా నాదే మేడమ్."

"కవలలు ఎవరి తమ్ముళ్ళు?"

"నా తమ్ముళ్ళే," అన్నాడు దర్జీ కొడుకు. వాళ్ళ నాన్న చేతులు జోడించినా వాడు కరగలేదు. వాడి పక్కన కిటికీ వైపు పిల్లాడొకడు నుంచుని ఉన్నాడు. నిజానికి ఆ కవలలు వాడి తమ్ముళ్ళే. వాడు దర్జీ కొడుకు చొక్కా పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"చెప్పండర్రా, పర్లేదు. నేనే చెబుతున్నాగా," అని టీచరమ్మ బతిమాలింది.

"మీరేగా టీచర్ ఎవరడిగినా నాదే అనమన్నారు? కింద రెండు గీతలు కూడా గీశారు," అంది బుంగమూతి. ముప్ఫై రెండు తలలూ ఒక్కసారి ఊగాయి.

"సరే, మీరు చెప్పకపోతే నేనే ఒక్కొక్కటీ చదివి తేలుస్తా," అని పెద్ద మేడమ్ కళ్ళజోడు సవరించుకుని గోడ మీద పడింది. ఒకటి, రెండు, ఆరు, తొమ్మిది. పదో కాగితం దగ్గర ఆగింది. ఆగి, ఇక కదల్లేదు.

ఏమైందా అని గుమాస్తా గారు భుజం పక్కనుంచి తొంగిచూసి, పైకే చదివారు. "'సెలవుల్లో మా నానమ్మ మోకాళ్ళకి వైద్యమని ఆఫీసులో చెప్పి, రైలెక్కి సముద్రానికి వెళ్ళింది. నన్ను కూడా తీసుకెళ్ళింది. రోజూ మూడు ఐస్‌క్రీములు తిన్నాం. అలల్లో ఎగిరింది. ఎవరికీ చెప్పద్దంది.' ఎవరో గానీ గడుసు ముసలావిడ మేడమ్! మీరు చూడండి, పాపం నిజంగానే మోకాళ్ళతో మంచానపడ్డారు. అడ్మిషన్లన్నీ నేనొక్కణ్ణే చేసుకున్నా. ఎవరింటావిడో కనుక్కుందామా?"

టీచరమ్మ పిల్లల వైపు చూసింది. పెద్ద మేడమ్ మనవడు వరండా పైకప్పుని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. కాగితం మీద పేరున్న పొడుగుకాళ్ళ పిల్లాడు ఒకడుగు ముందుకొచ్చి, అడక్కముందే, "మా నానమ్మే మేడమ్," అన్నాడు. వాడికి నానమ్మే లేదు. టీచరమ్మకి కళ్ళు చెమర్చాయి, నవ్వు కూడా వచ్చింది. రెంటినీ మింగింది.

పెద్ద మేడమ్ చాలాసేపు ఆ పొడుగుకాళ్ళవాణ్ణి చూసింది.

"పిల్లలు చెప్పనన్నది సబబే," అంది చివరికి. "ఒకరింటి సంగతి ఇంకొకరు బయటపెట్టడమేమిటి, అసహ్యంగా? డాక్టర్ గారూ, దయచేసి నోరు మూసుకోండి, ఈగలు దూరతాయి. దర్జీ గారూ, మీ ఆవిడతో నేను మాట్లాడతా."

"మరి పేర్లు దిద్దొద్దా మేడమ్?" అన్నారు గుమాస్తా గారు, ఎర్ర సిరా పట్టుకుని.

"దిద్దితే మీ ఉద్యోగం ఊడుతుంది."

అయిదింటికి పెద్ద మేడమ్ గదిలో సొరుగు తెరుచుకుంది. టీచరమ్మ ఎదురుగా నుంచుని ఉండగానే ఆవిడ కాగితం మీద సంతకం పెట్టింది. సిఫారసుకి కారణం రాయాల్సిన గడి దగ్గర కలం కాసేపు ఆగింది. తరవాత ఆవిడ చక్కటి దస్తూరీతో, 'తరగతి క్రమశిక్షణ' అని రాసింది.