నర్సరీ నుంచీ ఉన్న అలవాటు

ఆ ఇంట్లో "మందు కొట్టడం" అనే మాటకు ఒకటే అర్థం. ఇంటి వెనక తాతయ్యకు మొక్కల నర్సరీ ఉంది. అందులో నాలుగు వందల గులాబీలు, వాటిని తినడానికి నాలుగు లక్షల పురుగులు. పదిహేనేళ్ల మనవరాలు చిట్టి వారానికి రెండు రోజులు పొద్దున్నే పంపు వీపుకు తగిలించుకుని మందు కొడుతుంది. ఆ రోజు ప్లాను కూడా అదే. ఏడింటికి మందు, ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి స్కూల్లో లెక్కల పరీక్ష.

స్నానం దాకా రానేలేదు. చిట్టి కళ్లు తిరిగి వెనక మెట్ల మీద పడింది, మణికట్టు వాచింది. రెండు నెలలుగా ఆ పిల్లకు తలనొప్పి, వికారం. ఆ జబ్బు పేరు తల్లి ఎప్పుడో కనిపెట్టేసింది.

"ఫోను! ఇరవై నాలుగ్గంటలూ దాని మొహం చూస్తూ కూర్చుంటే కళ్లు తిరగక ఏం చేస్తాయి?" అంటూనే కూతురిని కట్టుకున్న బట్టలతోనే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఎమర్జెన్సీలో సరిగ్గా ఆ రోజే కొత్త పద్ధతి మొదలైంది. పన్నెండేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఏ దెబ్బతో వచ్చినా సరే, మద్యం అలవాటు ఉందేమో ఏకాంతంగా అడిగి తెలుసుకోవాలి. అడిగే పని పడ్డ నర్సుకు పూటంతా శిక్షణ ఇచ్చారు. పెద్దవాళ్లను బయట కూర్చోబెట్టాలి, పిల్లలను తిట్టకూడదు, ఏం విన్నా మొహంలో ఆశ్చర్యం కనిపించకూడదు. ఇంట్లో చెప్పుకోలేనిది ఇక్కడ చెప్పుకుంటే ఒక్క పిల్లయినా బాగుపడుతుందని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది.

చిక్కంతా కాగితంతోనే వచ్చింది. అందులో "మద్యము సేవించు అలవాటు కలదా?" అని ఉంది. అంతకుముందు వచ్చిన పిల్లవాడు అది విని "ఇది మా సిలబస్‌లో లేదక్కా" అన్నాడు. దాంతో నర్సు ప్రశ్నను జనం భాషలోకి మార్చుకుంది.

"మందు కొడతావా, చిట్టీ?"

"కొడతాను కదక్కా."

"ఎన్నాళ్లకోసారి?"

"వారానికి రెండుసార్లు. వానలు పడితే ఇంకాస్త ఎక్కువ."

నర్సు మొహం బిగబట్టుకుంది. "ఒక్కోసారి ఎంత?"

"రెండు ట్యాంకులు."

కాగితంలో గ్లాసులకు గడి ఉంది గాని ట్యాంకులకు లేదు. నర్సు పక్కన ఖాళీలో రాసుకుంది. "ఎవరితో?"

"తాతయ్యతో. ఆయన నీళ్లు కలిపిస్తాడు, నేను కొడతాను. సీసా మీద రాసినదానికంటే కాస్త ఎక్కువే వంచుతాడులే."

"అమ్మకు తెలుసా?"

"లేపేదే అమ్మ! ఎండెక్కితే పనిచెయ్యదు కదా. ఇవాళ ఒక్క ట్యాంకుకే కళ్లు తిరిగాయి."

"మొదటిసారి ఎక్కడ కొట్టావు తల్లీ?"

"నర్సరీలోనే."

నర్సు చేతిలో పెన్ను ఆగిపోయింది. తిన్నగా డాక్టరమ్మ గదికి పరుగెత్తింది.

"మేడమ్, ఆ పిల్లకు మూడున్నరేళ్లప్పటి నుంచీ అలవాటట! తాతే కలిపి పోస్తున్నాడు. అమ్మ నిద్రలేపి మరీ పంపిస్తోంది!"

డాక్టరమ్మ ఊపిరి పరీక్షించే యంత్రం తెచ్చి చిట్టి చేత ఊదించింది. సున్నా వచ్చింది. యంత్రం పాడైందేమోనని తనే ఊదింది. అది కుయ్యిమని మోగింది.

"పొద్దున మౌత్‌వాష్‌తో నోరు పుక్కిలించాను... అందులో ఉంటుంది," అంది డాక్టరమ్మ తడబడుతూ. నర్సు మొహంలో ఏ భావమూ లేదు. శిక్షణ బాగానే అబ్బింది.

ఇక తల్లిని లోపలికి పిలిచారు.

"మీ అమ్మాయి మందు కొడుతుందని మీకు తెలుసా అమ్మా?"

"తెలియకపోవడమేమిటండీ? దాని వయసులో నేనూ కొట్టినదాన్నే. నడుం నొప్పి వచ్చి మానేశాను గాని."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "తప్పనిపించలేదా మీకు?"

"ఇంటి పని చేస్తే తప్పేంటండీ?"

"మీ నాన్నగారిని రమ్మనండి. ఆ సీసా కూడా తెమ్మనండి."

అరగంటలో తాతయ్య వచ్చాడు. చంకలో సీసా, వీపు మీద పంపు, చేతిలో గొట్టం. తలుపు దగ్గర కాపలాదారు జడుసుకుని దారిచ్చాడు.

"సీసా ఒక్కటే చూస్తే ఎలా కొడతామో మీకు అర్థం కాదని పంపు కూడా తెచ్చానండీ. గులాబీల పేనుకు దీన్ని మించింది లేదు," అన్నాడు తాతయ్య.

డాక్టరమ్మ సీసా మీద పుర్రె బొమ్మ చూసింది. నర్సు కాగితాన్ని చూసుకుంది. ముందు నర్సుకే నవ్వు తన్నుకొచ్చింది, శిక్షణంతా గాలికి పోయింది. విషయం బోధపడ్డ తల్లి మాత్రం లేచి నిలబడింది.

"అంటే మా పిల్ల తాగుతుందనుకున్నారా? మేము తాగిస్తున్నామనుకున్నారా? పద చిట్టీ, కట్టూ వద్దు, ఏమీ వద్దు!"

డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె నేల వైపు చూస్తోంది. తలుపు నుంచి తాతయ్య కాళ్ల దాకా సన్నగా తడి చార ఉంది.

"ఈ పంపు ఎన్నాళ్లుగా కారుతోంది?"

"రెండు నెలలుంటుందండీ. వాషరు మార్పిద్దామనుకుంటూనే..."

రెండు నెలలు. డాక్టరమ్మ ఒక్క ఉదుటున వెళ్లి చిట్టి వీపు తడిమింది. చొక్కా ఇంకా చెమ్మగానే ఉంది. కళ్లలోకి లైటు వేసి చూసింది. కనుపాపలు ఆవగింజలంత అయిపోయి ఉన్నాయి.

"ఇది ఫోను కాదమ్మా. ఒంట్లోకి విషం ఎక్కుతోంది. ఇప్పుడే స్నానం చేయించాలి, ఆ బట్టలు తీసేయాలి. ఆ పంపును బయట పెట్టించండి, నేల కడిగించండి!"

స్నానం, సెలైను, విరుగుడు ఇంజెక్షను, రక్త పరీక్ష చకచకా జరిగిపోయాయి. మధ్యాహ్నానికి చిట్టి కళ్లు తేటపడ్డాయి. ఆకలేస్తోందని కూడా అంది. రెండు నెలల్లో ఆ మాట రావడం అదే మొదటిసారి.

"ఇవాళ ఆ ప్రశ్న అడగకపోతే చేతికి కట్టు కట్టి ఇంటికి పంపేసేవాళ్లం. మళ్లీ పంపు ఎత్తుకునేది. అప్పుడు మా చేతుల్లో కూడా ఉండేది కాదు," అంది డాక్టరమ్మ.

తాతయ్య నర్సు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా చేత్తో నేనే కలిపిచ్చానమ్మా దానికి. నువ్వు తప్పుగా అడిగితే అడిగావు గాని, అడిగావు తల్లీ. మా ఇంట్లో ఒక్కళ్లమైనా అడగలేదు." ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నర్సు కూడా తుడుచుకుంది.

ఇందాక కట్టూ వద్దన్న తల్లి వచ్చి నర్సు భుజం మీద చెయ్యి వేసింది. ఫోనుకు క్షమాపణ చెప్పలేదు గాని, సాయంత్రం ఇంటికెళ్లి చార్జరు తనే తెచ్చిచ్చింది.

మూడో రోజు చిట్టి ఇంటికి వెళ్లింది. ఆ ఇంట్లో పిల్లలు మందు కొట్టడం ఆ రోజుతో ఆగిపోయింది. తాతయ్య కొత్త పంపు, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు కొనుక్కుని సీసా మీద రాసిన కొలత అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నాడు. నర్సు తన కాగితంలో మొదటి ప్రశ్న పక్కన "దేనికి?" అని చేత్తో రాసుకుంది. తర్వాతి వారం అదే ప్రశ్నకు ఒక పిల్లవాడు తల దించుకుని, "బాధ మర్చిపోవడానికక్కా" అన్నాడు. ఆ పిల్లవాడి దగ్గర ఆమె గంటసేపు కూర్చుంది.

కృతజ్ఞతగా తాతయ్య ఎమర్జెన్సీ బల్ల మీదకి కుండీతో సహా ఒక గులాబీ మొక్క తెచ్చిచ్చాడు. నెల తిరక్కుండానే దానికి పేను పట్టింది. అక్కడ ఇరవై మంది పనిచేస్తారు గాని, మందు కొడదామని నోరు తెరిచినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు.